గాడులు పూడ్చాల్సింది ఎవరు? ఎలక్ట్రీషియన్‌కీ ప్లాస్టరింగ్ మేస్త్రికీ మధ్య నలిగిపోతున్నాం

పాతఇల్లు:

అందరికీ నమస్కారం. పాత ఇంటికి రిపేర్లు చేయిస్తున్నాం. వైరింగ్ మొత్తం కొత్తది వేస్తున్నాం, పెచ్చులూడుతున్న గోడలన్నీ ఇటుక కనిపించేదాకా కొట్టించి కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తున్నాం. ఎలక్ట్రీషియన్ వేరు, తాపీ మేస్త్రి వేరు, ఇద్దరితోనూ మేమే విడివిడిగా మాట్లాడుకున్నాం. పని తెలిసినవాళ్ళే ఇద్దరూ, దాంట్లో సందేహం లేదు. కానీ ఒకరంటే ఒకరికి పడట్లేదు.

జరిగింది ఇదీ. ఎలక్ట్రీషియన్ హాల్లోనూ ఒక బెడ్‌రూంలోనూ గాడులు కొట్టి పైపులు, మెటల్ బాక్సులు పెట్టి వెళ్ళాడు. మేస్త్రి వచ్చి ప్లాస్టరింగ్ చేశాడు. తర్వాత చూస్తే కొన్ని బాక్సులు గోడలోకి బాగా లోతుగా పోయాయి, ఒకటి రెండు అసలు కనిపించడం లేదు, మిగతావాటి నిండా సిమెంటు. ఎలక్ట్రీషియన్‌కి కోపం వచ్చి సుత్తీ ఉలీ పట్టుకుని బాక్సుల చుట్టూ కొట్టేశాడు, కొత్త ప్లాస్టరింగ్ పెచ్చులుగా లేచిపోయింది. ఇప్పుడు మేస్త్రి "అది నేను చెయ్యను, పగలగొట్టినవాడితోనే చేయించుకోండి" అంటున్నాడు. పైగా హాల్లో పైపు వెళ్ళిన దారి పొడుగునా సన్నటి పగులు వచ్చింది. గాడి సరిగా పూడ్చలేదని ఎలక్ట్రీషియన్, పైపు బయటికి పొడుచుకొచ్చేలా పెట్టాడని మేస్త్రి. గాడి పూడ్చడం నా పని కాదని మాత్రం ఇద్దరూ అంటున్నారు.

ఇంకా రెండు గదులు, వంటిల్లు మిగిలి ఉన్నాయి. ఎవరు ముందు రావాలి, ఎవరు తర్వాత రావాలి? గాడి పూడ్చేది అసలు ఎవరి పని? చాలా టెన్షన్‌గా ఉంది, ఇద్దరిలో ఒకరిని మార్చేయమంటారా?

వైరింగ్‌పని:

నేను ఎలక్ట్రీషియన్‌ని, కాబట్టి మా వైపు నుంచి చెప్తాను, మేస్త్రులు ఎవరైనా ఉంటే వాళ్ళ వైపు వాళ్ళు చెప్తారు.

బాక్సు లోతు విషయంలో మా బాధ ఏమిటంటే, మేం బాక్సు పెట్టే రోజున గోడ మీద ఇటుక తప్ప ఇంకేమీ ఉండదు. దాని మీద ప్లాస్టర్ ఎంత మందం పడుతుందో మాకు ఎవరూ చెప్పరు. లోపలి గోడకి మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు అనుకుని ఇటుక కంటే అంత బయటికి బాక్సు నిలబెడతాం. కొత్త ఇల్లయితే దాదాపు సరిపోతుంది. పాత ఇంట్లో సరిపోదు, ఎందుకంటే పాత గోడ తూకానికి ఉండదు. ఒక మూల 10 మిల్లీమీటర్లతో సరిపెట్టిన మేస్త్రి అదే గోడ రెండో చివర 30 దాకా వెయ్యాల్సి వస్తుంది, అప్పుడు గానీ గోడ నిలువుగా రాదు. ఆ చివర పెట్టిన బాక్సు లోపలికి పోయిందంటే అది నా తప్పూ కాదు, న్యాయంగా చెప్పాలంటే ఆయన తప్పూ కాదు.

కానీ బాక్సుల నిండా మాలు, అంటే ఇసుకతో కలిపిన సిమెంటు, పోవడం మాత్రం ఒప్పుకోను. స్క్రూ బిగించే చెవులకు మర ఉంటుంది, ఎర్త్ వైరు బిగించే స్క్రూకి మర ఉంటుంది. సిమెంటు గట్టిపడ్డాక వాటిని శుభ్రం చెయ్యబోతే చెవి విరుగుతుంది. విరిగిన చెవితో ప్లేటు ఎప్పటికీ వదులుగానే ఉంటుంది, ఎర్త్ సరిగ్గా బిగియకపోతే అది ప్రాణం మీదికి వచ్చే విషయం. పైపు మూతి మూసుకుపోతే వైరు లాగడానికి ఉండదు, మళ్ళీ గోడ కొట్టాల్సిందే. అందుకని నేను బాక్సు పెట్టగానే పైపు మూతిలో గుడ్డ దూర్చి, బాక్సులో కాగితమో థర్మాకోలో కుక్కి, పైన టేపు వేసేస్తాను. ఇది ఎలక్ట్రీషియన్ పనే, మేస్త్రి పని కాదు. మీవాడు ఇది చేశాడో లేదో అడగండి. ఇంకోటి, పైపు జాయింట్లకి సొల్యూషన్, అంటే పైపులు అతికే జిగురు, రాయకుండా ఊరికే దూర్చి వదిలేస్తే మాలు నీళ్ళు జాయింట్లోంచి లోపలికి దిగుతాయి. దానికి మేస్త్రిని తిట్టడం అన్యాయం.

వైర్లు ఎట్టి పరిస్థితిలోనూ ప్లాస్టరింగ్‌కి ముందు లాగించకండి. ఖాళీ పైపులే ఉండాలి. సిమెంటు ప్లాస్టరింగ్‌ని కనీసం వారం రోజులు తడపాలి, ఆ నీళ్ళు బాక్సుల్లోంచి పైపుల్లోకి దిగుతాయి, వంపు ఉన్నచోట నిలుస్తాయి. తడపడం అయిపోయి గోడ ఆరాక, పైపులోంచి పొడి గుడ్డ లాగి తడి తీసి, అప్పుడు వైర్లు. ఫిట్టింగులు బిగించే ముందు ఇన్సులేషన్ టెస్ట్ చెయ్యమనండి. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మీటరు, అంటే మెగ్గర్‌తో చూస్తే కనీసం 1 మెగా ఓమ్ రావాలి, కొత్త వైరింగ్‌లో దానికంటే చాలా ఎక్కువే వస్తుంది. రాకపోతే ఎక్కడో తడో గాయమో ఉన్నట్టు.

మేస్త్రి పని చేసే గదికి పాత లైను కరెంటు ఉండకూడదు. మెయిన్ దగ్గర ఆపేసి, మళ్ళీ ఎవరూ వెయ్యకుండా టేపు వెయ్యండి. లైటుకీ కటింగ్ మెషీన్‌కీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న వేరే తాత్కాలిక లైను ఇవ్వండి. తడి గోడ, తడి చేతులు, ఇనుప తాపీ. ఇక్కడ నాకు మొహమాటం లేదు, ఈ ఒక్క విషయంలో ఎవరితోనైనా గొడవ పడతాను.

తాపీపని:

పై అన్న చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. ఇప్పుడు మా బాధ వినండి.

మాలు కలిపాక మా చేతిలో సమయం ఉండదు. సిమెంటు అరగంట దాటితే బిగుసుకోవడం మొదలెడుతుంది, అందుకే కలిపింది కలిపినట్టు గోడకెక్కాలి, మట్టం చేసే పొడవాటి బద్ద లాగాలి, పైన రుద్దాలి. ఒక గోడ మొదలుపెడితే ఆ గోడ అయ్యేదాకా ఆగలేం. మధ్యలో ఆపి మర్నాడు కలిపితే అతుకు కనిపిస్తుంది, రంగు వేసినా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇక్కడ ఇంకో పాయింట్ ఉంది, ఒక్క నిమిషం ఆగు" అంటే ఎలా ఆగుతాం? తట్టలో ఉన్న మాలు పారబోసుకోవాలి. ఆ నష్టం ఎవరూ లెక్కలో వెయ్యరు.

పగులు సంగతి. పైపు వెంబడే పగులు వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, పైపు మీద మందం చాలలేదు. పైపు నున్నగా ఉంటుంది, మాలు దాన్ని పట్టుకోదు, పక్కన ఇటుకని పట్టుకుంటుంది. పైపు గాడిలో పూర్తిగా మునగకుండా ఇటుక మట్టానికి ఉందనుకోండి, ఇక దాని మీద ఉండేది ప్లాస్టరింగ్ మందం ఒక్కటే, అది ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ తెగుతుంది. దానికి తోడు పైపుకి క్లాంపులు దూరం దూరంగా కొడితే అది విల్లులా వంగి మధ్యలో బయటికి తోస్తూ ఉంటుంది. వేలితో నొక్కితే ఆడే పైపు మీద ఎంత మంచి మాలు వేసినా నిలవదు.

గాడి పూడ్చడం అనేది వేరే పని, ప్లాస్టరింగ్‌తో కలిపి ఒకే ఊపున చేసేది కాదు. గాడిలో దుమ్ము బ్రష్‌తో దులపాలి, నీళ్ళు కొట్టాలి, ముందురోజే గట్టి మాలుతో ఇటుక మట్టానికి నింపి, పైన గరుకుగా గీతలు పెట్టి వదిలెయ్యాలి. మర్నాడు దాని మీద చికెన్ మెష్, అంటే సన్నటి ఇనుప వల, గాడికి అటూ ఇటూ 100 నుంచి 150 మిల్లీమీటర్లు దాటేలా మేకులతో బిగించి, అప్పుడు ప్లాస్టరింగ్. లోతు గాడిని ప్లాస్టరింగ్‌తో పాటే ఒకేసారి నింపేస్తే అక్కడ మాలు జారుతుంది, ఆరాక గీతలా లోపలికి కుంగుతుంది. ఇప్పుడు చెప్పండి, నాకు ఇచ్చేది గోడ కొలతకి. ఒక గదిలో గాడులన్నీ దులిపి, తడిపి, నింపి, మెష్ కొట్టేసరికి ఒక మనిషికి ఒక పూట పోతుంది. ఆ పూటకి ఒక్క అడుగు కూడా కొలతలోకి రాదు.

ఇంకొక్కటి. గాడి కొట్టే పద్ధతి. కటింగ్ మెషీన్‌తో పక్కపక్కన రెండు గీతలు కోసి మధ్యలోది ఉలితో తీస్తే పైపుకి సరిపడా సన్నటి గాడి వస్తుంది. మెషీన్ లేకుండా పెద్ద సుత్తితో బాదితే ఇటుక ముక్కలు లేచి జానెడు వెడల్పు గొయ్యి అవుతుంది, చుట్టూ ఉన్న ఇటుకలు కూడా కదిలిపోతాయి. ఆ గోడ మీద పగుళ్ళు రాకుండా చెయ్యడం ఏ మేస్త్రి వల్లా కాదు. మెషీన్ వాడేటప్పుడు దుమ్ము విపరీతంగా లేస్తుంది, ఇటుకా సిమెంటూ కోసిన దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మూతికి తుండు కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు కావాలి. మీరు కొనిచ్చినా తప్పులేదు.

మేడమీద:

మా ఇంట్లోనూ ఇంతే జరిగింది. నా సలహా ఒకటే, మొత్తం పని ఒకే కాంట్రాక్టర్‌కి అప్పగించేయండి. ఎవరితో ఎవరు గొడవ పడినా అతనే చూసుకుంటాడు.

సైట్‌సూపర్‌వైజర్:

మేడమీద గారూ, ఒకే కాంట్రాక్టర్ ఉంటే మీకు గొడవ వినపడదు, అంతే. అతని కింద కూడా ఎలక్ట్రీషియన్‌కి పాయింట్ల లెక్కనా మేస్త్రికి కొలత లెక్కనా ఇస్తుంటే గాడులు అలాగే మిగిలిపోతాయి, కాకపోతే పుట్టీ కింద దాక్కుని రంగు వేశాక బయటపడతాయి.

పాతఇల్లు గారూ, ఇద్దరిలో ఎవర్నీ మార్చకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇద్దరూ పని చేసేవాళ్ళే. ఎలక్ట్రీషియన్ లెక్క పాయింట్లతో, మేస్త్రి లెక్క గోడ వైశాల్యంతో. గాడి పూడ్చడం, మెష్ కొట్టడం, బాక్సు చుట్టూ అంచు తియ్యడం ఈ రెండు లెక్కల్లోనూ లేవు. కూలీ లేని పనిని ఎవరూ మనసుపెట్టి చెయ్యరు, అందులో వాళ్ళని తప్పుపట్టడానికేమీ లేదు. అది ఎవరి పనో మొదటే మాట్లాడి, దానికి విడిగా డబ్బు పెట్టాల్సింది ఇంటివాళ్ళే. నేనైతే గాడి పూడ్చడమూ మెషూ మేస్త్రికే ఇస్తాను, పొడవు లెక్కన, ఎందుకంటే చివరికి పగులు వస్తే జవాబు చెప్పాల్సింది ఆయనే కాబట్టి మాలు ఆయన చేతిదే ఉండాలి. పైపు మునిగేంత లోతు తియ్యడం, ఆడకుండా క్లాంపులు కొట్టడం, మూతులు మూయడం ఎలక్ట్రీషియన్ పని.

వరస విషయానికొస్తే, అందరూ ముందు ఎలక్ట్రీషియన్ తర్వాత మేస్త్రి అనుకుంటారు. పాత ఇంట్లో దానికి ముందు ఇంకో అంకం ఉండాలి. పెచ్చులు కొట్టడం అయ్యాక మేస్త్రిని ముందు పిలిచి, గోడకి తూకం చూసి మందం గుర్తులు పెట్టించండి. అంటే గోడ మీద అక్కడక్కడా చిన్న మాలు ముద్దలు పెట్టి, వాటి ముఖం రేపు ప్లాస్టరింగ్ ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ ఉండేలా సరిచేస్తారు. ఎలాగూ ప్లాస్టరింగ్ రోజు పొద్దున ఆయన చేసే పనే, దాన్ని నాలుగు రోజులు ముందుకు జరపడమే. ఆ గుర్తుల మీద బద్ద ఆనిస్తే బాక్సు ముఖం ఎక్కడ ఉండాలో ఎలక్ట్రీషియన్‌కి కళ్ళెదురుగా కనిపిస్తుంది, ఊహించుకోవాల్సిన పని లేదు. బాక్సు ముఖం బద్దకి తగలకుండా, ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే మేస్త్రి బద్ద దానికి తట్టుకుని గోడంతా ఎత్తుపల్లాలు వస్తాయి. కొంచెం లోపలికి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

గాడి లోతు గురించి కూడా కొంచెం. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డం గాడి ఆరో వంతు దాటకూడదు, ఇది చాలాచోట్ల పాటించే నియమం. నాలుగున్నర అంగుళాల గోడ తీసుకోండి, అంటే 115 మిల్లీమీటర్లు. అందులో ఆరో వంతు 19. అంటే ఆ గోడలో అడ్డంగా 25 మిల్లీమీటర్ల పైపు పూర్తిగా ముంచడం కుదరదు, 20ది కూడా కుదరదు. నిలువుగా అయితే 38 దాకా వెళ్ళొచ్చు, 25 పైపు పెట్టి పైన మాలు వెయ్యడానికి చోటుంటుంది. అందుకే సన్న గోడల్లో పైపులన్నీ పైనుంచి నిలువుగా దించమంటాను. మీ హాల్లో పగిలింది అడ్డం పైపు అయితే కారణం అదే కావచ్చు. ఎలక్ట్రీషియన్ ఇంకా లోతు తియ్యకపోవడం గోడకి మంచిదే, కానీ ఆ దారి ఎంచుకోకుండా ఉండాల్సింది. అలాగే సన్న గోడకి రెండు వైపులా ఒకే చోట ఎదురెదురుగా బాక్సులు పెట్టనివ్వకండి, మధ్యలో ఇటుకే మిగలదు. కాంక్రీట్ స్తంభాలూ దూలాలూ అసలు కొట్టనివ్వకండి, పాయింట్ పక్కకి జరపండి.

ఏటవాలు పైపులు వద్దు. బాక్సు నుంచి నేరుగా పైకో కిందికో, లేదా నేరుగా పక్కకో వెళ్ళాలి. రేపు మీరు గోడకి మేకు కొట్టేటప్పుడు బాక్సు చూసి పైపు ఎక్కడుందో చెప్పగలగాలి.

మేస్త్రి మాలు కలపడానికి ముందురోజు సాయంత్రం ఇద్దరినీ ఆ గదిలో నిలబెట్టండి, మీరూ ఉండండి. ప్రతి బాక్సు దగ్గర బద్ద ఆనించి చూసుకోవాలి, ప్రతి పైపునీ వేలితో నొక్కి చూడాలి. పాయింట్లన్నీ అయిపోయాయా అని ఇంట్లో అందరినీ అడగండి, ఫ్రిజ్ ఎక్కడ, మంచం ఏ వైపు అన్నీ అప్పుడే తేలాలి. ఆఖర్న గోడకి టేపు పెట్టి, నేల నుంచీ మూల నుంచీ ఎంత దూరమో కనిపించేలా ప్రతి గోడ ఫోటో తీయండి. ఇక ఏ బాక్సూ పోదు, పోయినా అంగుళం తేడాతో దొరుకుతుంది. ఆ తర్వాత ఇంకో పాయింట్ కావాలని మీకు అనిపిస్తే, పగలగొట్టినందుకూ పూడ్చినందుకూ ఇద్దరికీ మీరే ఇవ్వాలి. చాలా ఇళ్ళలో గొడవ మొదలయ్యేది ఈ ఆఖరి నిమిషం పాయింట్లతోనే, పైగా అది ఇంటివాళ్ళు అడిగిందని ఇద్దరూ పైకి అనలేక ఒకరి మీద ఒకరు పెట్టుకుంటారు.

పాతఇల్లు:

అందరికీ చాలా థాంక్స్ అండి. మందం గుర్తుల సంగతి ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. హాల్లో పగిలింది అవును, అడ్డం పైపే, సన్న గోడే. ఇప్పటికే అయిపోయిన రెండు గదుల్ని ఏం చెయ్యమంటారు? దొరకని బాక్సుల కోసం ఎలక్ట్రీషియన్ గోడంతా తట్టి చూస్తానంటున్నాడు, నాకు భయంగా ఉంది. వంటింటికి జిప్సం ప్లాస్టరింగ్ చేయిస్తే ఈ గొడవ తగ్గుతుందా?

వైరింగ్‌పని:

తట్టొద్దు. ఆ పైపు రెండో చివర ఉన్న బాక్సులోంచి వైర్లు లాగడానికి వాడే స్ప్రింగ్ పంపమనండి. అది ఆగాక పైపు మూతి దగ్గర స్ప్రింగ్ మీద గుర్తు పెట్టి, వెనక్కి లాగి పొడవు కొలిస్తే, పైపు వెళ్ళిన దారి అతనికి గుర్తుంటుంది కాబట్టి బాక్సు దాదాపు ఎక్కడుందో తెలిసిపోతుంది. మిగతా బాక్సులు ఏ ఎత్తులో పెట్టాడో అదే ఎత్తు. అక్కడ సన్న డ్రిల్‌తో ఒక చిన్న రంధ్రం చేసి చూసి, బాక్సు తగిలాక మెషీన్‌తో చతురస్రంగా కోసి తియ్యాలి. ఉలి వాడొద్దు. వైర్లు ఇంకా లాగలేదు కదా, అది ఒక్కటీ ఖాయం చేసుకుని మొదలుపెట్టండి.

లోతుకి పోయిన బాక్సుల్ని పీకొద్దు. కొంచెం లోతయితే అదే మర ఉన్న పొడవు స్క్రూలు దొరుకుతాయి, సరిపోతాయి. బాగా లోతయితే బాక్సు మీద బిగించే ఎక్స్‌టెన్షన్ రింగులు ఉంటాయి, అవి పెట్టి గోడ మట్టానికి తేవచ్చు. చెవి విరిగిన బాక్సు మాత్రం మార్చాల్సిందే.

తాపీపని:

పగులు పక్కన వేళ్ళతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ ఇటుకని వదిలేసిందని అర్థం, దాని మీద ఎంత పుట్టీ పెట్టినా ఆగదు, ఆ పట్టీ మేర మెషీన్‌తో కోసి తీసి, మెష్ కొట్టి మళ్ళీ చెయ్యాలి. కానీ మీది సన్న గోడలో అడ్డం పైపు కాబట్టి ఒకసారి చేసినా మళ్ళీ రావచ్చు. గోడ ఎలాగూ విప్పుతున్నారు కదా, ఆ పైపు తీసేసి పైనుంచి నిలువుగా దించడానికి కుదురుతుందేమో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. డొల్ల లేకుండా వెంట్రుకంత పగులే అయితే తొందరపడకండి. గోడ పూర్తిగా ఆరనివ్వండి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాక పగులుని కొంచెం వెడల్పు చేసి, క్రాక్ ఫిల్లర్ నింపి, మెష్ టేపు అంటించి, పైన పుట్టీ.

వంటింట్లో జిప్సం వద్దండి. దానికి తడి పడదు, సింకు దగ్గర చెడిపోతుంది. పొడిగా ఉండే మిగతా గదుల్లో వేసుకోవచ్చు, నీళ్ళతో తడిపే పని లేదు కాబట్టి బాక్సుల్లోకి నీళ్ళు దిగే బాధ ఉండదు, ఆ మేరకు ఎలక్ట్రీషియన్‌కి సుఖం. కానీ అది సిమెంటు కంటే త్వరగా బిగుసుకుంటుంది, మధ్యలో "ఒక్క నిమిషం ఆగు" అంటే అసలు కుదరదు. గాడులు ముందే నింపి ఉండాలన్న నియమం దానికీ అంతే.

పాతఇల్లు:

సరే అండి, వంటింటికి సిమెంటే చేయిస్తాను. రేపు ఇద్దరినీ కూర్చోబెట్టి గాడుల పని పొడవు లెక్కన మేస్త్రికి ఇస్తానని చెప్తాను. ఎలక్ట్రీషియన్ కొట్టేసిన బాక్సుల చుట్టూ అంచులు కూడా అందులోనే కలిపి ఇస్తే మేస్త్రి ఒప్పుకుంటాడేమో. ఒక్క అనుమానం, మందం గుర్తులు పెట్టడానికి ముందుగా ఒకసారి రమ్మంటే దానికి వేరే కూలీ ఇవ్వాలా?

సైట్‌సూపర్‌వైజర్:

ఇవ్వండి, సగం రోజు కూలీ విడిగా ఇవ్వండి, ఆ రోజే ఇవ్వండి. ఇంకో సైట్ వదిలిపెట్టి వస్తాడు ఆయన. గుర్తులు పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌ని కూడా అక్కడే ఉండమనండి. గోడ ఏ చివర ఎంత వంగి ఉందో మేస్త్రి తూకం వేస్తుంటే పక్కనుండి చూస్తాడు కాబట్టి, బాక్సులు పెట్టే రోజు మళ్ళీ ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రాదు. బాక్సుల అంచుల పని గాడుల లెక్కలో కలపకండి, అది పాత గొడవ. దానికి ఒక రేటు వేరేగా మాట్లాడి ముగించేయండి.